పరాయి బొడ్డుతాడు

ఇమ్యూనిటీ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. భద్రాచలం బస్టాండులో ఒక టీ కొట్టు ముందు "ఇమ్యూనిటీ టీ" అని బోర్డు ఉంది. కరోనా అప్పుడు పెట్టింది, ఇప్పటికీ తీయలేదు. డ్యూటీ ఎక్కేముందు నేను రోజూ అక్కడే టీ తాగేదాన్ని. ఇప్పుడు అవతలి కొట్టుకు పోతున్నాను. ఒకరోజు ఆ కొట్టాయన "ఏందక్కా, మా దిక్కే వస్తలేవు?" అని అడిగాడు. "ముందుగాల ఆ బోర్డు పీకెయ్, అప్పుడొస్త" అన్నాను. ఆయన నవ్వాడు. ఆయనకేం తెలుసు, పాపం. అయినా ఆ నవ్వుకు కూడా నాకు కోపమే వచ్చింది.

నేను బస్సు కండక్టర్ని. భద్రాచలంలో ఎక్కి, సారపాక, మణుగూరు మీదుగా పినపాక దాటి పోయే రూటు నాది. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేకుండా చేసిన దగ్గర్నుంచి బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. "లోపలికి జరగండి, జరగండి" అని అరిచీ అరిచీ నా గొంతు గరుకుదేలింది. ఇంట్లో కూడా అదే గొంతు. "అక్కా, ఇది బస్సు కాదే, ఇల్లు" అని మా తమ్ముడు వెక్కిరించేవాడు. వాడు లారీ డ్రైవరు. అడవి అంచు ఊళ్ళ నుంచి సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలేవాడు. నా బస్సుకు ఎదురొస్తే హారన్ రెండుసార్లు కొట్టి పోయేవాడు.

వాడికి రక్తం కాన్సర్ అని తేలింది. ముందు చిగుళ్ళ నుంచి రక్తం, తర్వాత ఆగని జ్వరం. ఖమ్మంలో పరీక్షలు చేసి హైదరాబాదుకు పంపారు. అక్కడ కీమో అయ్యాక, మళ్ళీ రాకుండా ఉండాలంటే మూలకణాల మార్పిడి చేయాలన్నారు. అంటే వాడి ఎముకల్లోని మజ్జను మందులతో పూర్తిగా చంపేసి, తోబుట్టువుల మూలకణాలు ఎక్కిస్తారు. అవి వెళ్ళి ఎముకల్లో కుదురుకుని కొత్త రక్తం పుట్టిస్తాయి. వాడికి ఉన్న తోబుట్టువును నేనొక్కదాన్నే. పరీక్ష చేస్తే పూర్తిగా సరిపోయాను. అయిదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆరో రోజు మిషన్ పక్కన కూర్చోబెట్టి, ఒక చేతి నుంచి రక్తం లాగి, కావలసింది తీసుకుని, మిగిలింది ఇంకో చేతికి ఎక్కించారు.

"ఇగ నా ఒంట్ల నీ రక్తమే తిరుగుతది. నాక్కూడా నీలెక్క కోపమొస్తదేమో అక్కా" అన్నాడు తమ్ముడు, గుండు తల తడుముకుంటూ.

"వస్తే రానియ్. అట్లనన్న లోకం నిన్ను సూసి భయపడతది" అన్నాను.

నేను ఊళ్ళోకి తిరిగొచ్చాక ఎదురైన ప్రతివాళ్ళూ నన్ను దేవత అన్నారు. బస్సు ఎక్కినవాళ్ళు చేతులు పట్టుకున్నారు. ఒకామె నా పాదాలు ముట్టబోతే "ఛీ ఛీ, లెవ్వు" అని కసిరాను కానీ లోపల నాకది నచ్చింది. అబద్ధం ఎందుకు? నా జీవితంలో నన్నెవరూ అంతకుముందు అంత మాట అనలేదు. తమ్ముడు బతికాడు, నా వల్ల బతికాడు అని నాకు నేనే రోజూ చెప్పుకున్నాను.

తమ్ముణ్ణి మూడు నెలలు హైదరాబాదులో దవాఖానా పక్కన కిరాయి గదిలో ఉంచి, తర్వాత ఇంటికి పంపారు. పంపేటప్పుడు ఒక జూనియర్ డాక్టరు గడగడా చదివేశాడు. నీళ్ళు కాచి తాగాలి, మాస్కు తీయొద్దు, పచ్చి కూరలు వద్దు, మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు, బయటి మందులు వాడొద్దు. ఆ మాత్రలు దేనికో మాకు ఎవరూ విప్పి చెప్పలేదు. కాగితంలో రాశామన్నారు తర్వాత. కాగితం ఇంగ్లీషులో ఉంది. తమ్ముడి భార్య, మా మరదలు, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటాల వెనక దాచింది.

ఇంటికొచ్చిన తమ్ముడు పుల్లలా ఉన్నాడు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. వాడిని చూస్తే నాకు ఒకటే తోచింది, వీడి ఒంట్లో రోగంతో కొట్లాడే బలం లేదు, అది పెరగాలి. కరోనా అప్పుడు మా మండలం మొత్తం తిప్పతీగ కషాయం తాగింది. మేమూ తాగాం, బతికాం. దానివల్లే బతికామని అనుకున్నాం. పినపాక అవతల గూడెంలో మా మేనత్త ఉంటుంది, నాయన అక్క. ఆమె కంచె నిండా తిప్పతీగే. ఆమె చెట్టూ చేమా తెలిసిన మనిషి. దవాఖానా కాన్పులు మొదలయ్యేదాకా చుట్టుపక్కల గూడేలన్నిటికీ మంత్రసాని. రోజూ నా బస్సు వచ్చే వేళకు అది ఆగే గూడెం స్టేజీలో కూర్చోవడం ఆమెకు అలవాటు, ఎక్కినా ఎక్కకపోయినా.

"అత్తా, తమ్మునికి ఇమ్యూనిటీ పెరగాలె. మంచి ముదురు తీగ సూసి కోసియ్యి" అని అడిగాను, బస్సు మెట్టు మీద నిలబడి.

"డాక్టరమ్మను అడిగినవా బిడ్డా?" అంది అత్త.

"తీగకు ఏం అడుగుతరత్తా! అదేమన్న మందా? కంచె మీది తీగ."

ఆ మాట నేనే అన్నాను. బయటి మందులు వద్దన్నారు, సరే. మందంటే మా దృష్టిలో మెడికల్ షాపులో దొరికేది, లేదంటే ఏ నాటు వైద్యుడో పొట్లం కట్టిచ్చేది. తీగ మందు ఎలా అవుతుంది? అలాంటి ఆలోచన మా దిక్కు ఎవరికీ రాదు.

మా రూట్లో కండక్టర్ చేతికి ఒక సంచి ఇచ్చి, ఫలానా స్టేజీలో మావాళ్ళుంటారు ఇయ్యమ్మా అనడం మామూలే. కూరగాయలు, టిఫిన్ డబ్బాలు, ఆధార్ కార్డులు, ఒకసారి కోడిపెట్ట కూడా మోశాను. అలాగే రెండు రోజులకోసారి అత్త తీగ ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చేది, టికెట్ మిషన్ పక్కన పెట్టుకుని నేను తెచ్చేదాన్ని. మరదలు దంచి కాచేది. పొద్దున్నే దవాఖానా మాత్రలు, వెంటనే గ్లాసెడు కషాయం. అది అత్త తనంతట తానే పంపుతోందని మరదలు అనుకుంది. నేను తెమ్మన్నానా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండు వారాలు తిరగకుండానే వాడి అరచేతులు ఎర్రబడ్డాయి. తర్వాత అరికాళ్ళు, చెవులు, వీపు. కాలిన చోట లేచినట్టు చర్మం పొరలు పొరలుగా లేచింది. ఆ వెంటనే విరేచనాలు పట్టుకున్నాయి. ముందు నీళ్ళలా, తర్వాత రక్తంతో. మళ్ళీ హైదరాబాదు. నేను సెలవు పెట్టాను. బట్టలు ఉతకడానికి, వండి పెట్టడానికి అత్త కూడా మాతో వచ్చింది.

వాడికి మార్పిడి చేసిన డాక్టరమ్మ మంచిదే. పెద్దగా మాట్లాడదు కానీ అడిగితే చెప్తుంది. "మీరిచ్చిన కణాలు ఆయన ఒంట్లో బాగా కుదురుకున్నాయి. కానీ అవి ఇప్పుడు ఆయన చర్మాన్ని, పేగుల్ని పరాయివి అనుకుని దాడి చేస్తున్నాయి" అంది.

"నా తమ్ముడు నాకు పరాయోడా మేడమ్?" అన్నాను. నా గొంతు వార్డంతా వినిపించింది.

"మీకు కాదమ్మా. కణాలకు."

ఆ సాయంత్రమే మరదలి అన్న ఊరి నుంచి దిగాడు. సంగతి విని నా ముఖం మీదే అనేశాడు, "అయితే వదినా, నీ నెత్తురే మా బావను లోపల్నించి తింటుందన్నట్టు." మరదలు అతన్ని ఆపలేదు. నిన్న దేవతను, ఇవాళ ఇది. నేను ఇచ్చింది కూడా నెత్తురే కదా, తిన్నదీ అదే. అత్త పక్కనే బకెట్లో దుప్పటి పిండుతూ అంతా విన్నది.

మర్నాడు రౌండ్సులో డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "మొన్న బయటి మందులు వాడలేదన్నారు. కషాయాలు, ఆకులు, పసర్లు, ఏవైనా ఇచ్చారా?"

మరదలు నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను.

"మా అత్త ఇచ్చింది మేడమ్. తిప్పతీగ."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. మార్పిడి అయిన మనిషిలో కొత్త రోగనిరోధక శక్తిని కొన్ని నెలలు అణిచి ఉంచాలట. ఆ మాత్రలు అందుకేనట. మేమేమో దాన్ని రెచ్చగొట్టేదని పేరున్న తీగను కాచి పోశాం. "దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఏమీ ఇవ్వకపోయినా కొందరికి వస్తుంది. కానీ ఇవ్వకూడదు" అంది.

ఒక చేత్తో అణిచే మాత్ర, ఇంకో చేత్తో లేపే కషాయం! ఈ ఒక్క మాట ఇంటికి పంపే రోజు తెలుగులో చెప్పి ఉంటే నోరు అరిగిపోయేదా ఆ కుర్ర డాక్టరుకు? నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. దగ్గరగా ఉన్నది అత్త. వరండాలో అందరి ముందూ అరిచాను. "నీ తీగే సంపుతుంది వాణ్ని! ఎవరడిగిండ్రు నిన్ను? ఇగ నీ ముఖం సూపియ్యకు, ఊరికి పో!"

ఎవరడిగారు నిన్ను అని అడిగింది నేను. తీగ అడిగింది కూడా నేనే. అత్త నా కళ్ళలోకి చూసింది. ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టి, సంచి పట్టుకుని వెళ్ళిపోయింది.

తమ్ముడికి స్టెరాయిడ్లు ఇచ్చారు. వారం దాటినా విరేచనాలు తగ్గలేదు. వాడు నోట్లో ఏమీ పెట్టుకోవడం లేదు, అంతా సెలైన్ గొట్టాల్లోనే. నీళ్ళు తాగమన్నా "వద్దక్కా, కడుపుల కత్తులు తిరుగుతున్నయ్" అనేవాడు. స్టెరాయిడ్లకు లొంగకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఇంకొక దారి ఉందంది. కణ చికిత్స. కాన్పు అయ్యాక తల్లులు ఇష్టపడి ఇచ్చిన బొడ్డుతాడు నుంచి ఒక రకం కణాలు తీసి, ల్యాబులో పెంచి, మంచులో గడ్డకట్టించి ఉంచుతారట. అవి ఎక్కిస్తే, రెచ్చిపోయిన కణాలను చల్లబరుస్తాయట. సరిపోలాలన్న పట్టింపు లేదట. "ఇది ఇంకా పరిశోధనలో ఉంది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. మాటివ్వలేను" అంది.

నా కణాలను చల్లబరచడానికి మందు! వాటికీ నా కోపమే వచ్చినట్టుంది.

సంతకాల కాగితం మళ్ళీ ఇంగ్లీషులోనే. ఈసారి నేను ఊరుకోలేదు. కాగితం తెచ్చిన కుర్ర డాక్టరును కుర్చీలో కూర్చోబెట్టి, "నా బస్సుల ఎవరెక్కినా యాడికి పోతుందో సెప్పే టికెట్ కొడత. నువ్వు కూడా సదివి సెప్పు, మొత్తం" అన్నాను. "మేడమ్, ఇది చాలా పేజీలుంది" అన్నాడు. "మాకు చాలా టైముంది" అన్నాను. చదివాడు. చెమటలు పట్టాయి కానీ చదివాడు.

చదివాక ఇంకో గొడవ. సంతకం పెట్టాల్సింది భార్య. బొడ్డుతాడు అన్న మాట దగ్గరే మరదలి చేయి ఆగిపోయింది. మా దిక్కు కాన్పు కాగానే మాయను, బొడ్డుతాడును ఇంటి వెనక గుంట తీసి పూడ్చి, కుక్కలు తవ్వకుండా మీద బండ పెడతారు. పరాయివాళ్ళ చేతిలో పడితే ఆ పిల్లకు కీడని నమ్మకం. మరదలి అన్న దాన్ని పట్టుకున్నాడు.

"ఎవరి పిల్లదో, ఏ కులపోళ్ళదో! రేపు ఆ పిల్లకు ఏమన్న అయితే ఆ ఉసురు ఎవరికి తగుల్తది? వద్దు చెల్లే, పెట్టకు."

"ఇన్ని రోజుల నుంచి ప్లేట్లెట్లు ఎక్కిస్తుంటే కులం అడిగినవా? అవి ఎవరియో తెలుసా నీకు?" అని నేను లేచాను.

"నువ్వు మాట్లాడకు వదినా. నీదెక్కిస్తేనే గిట్లయింది" అన్నాడు.

రెండు రోజులు ఆ కాగితం మంచం పక్కన బల్ల మీద పడి ఉంది. నర్సు వచ్చి చూసి వెళ్ళేది. డాక్టరమ్మ ఒకసారి వచ్చి "ఆలస్యం చేసేకొద్దీ కష్టం" అని చెప్పి పోయింది. వాడు కరిగిపోతున్నాడు, మేము కులం మాట్లాడుకుంటున్నాం. ఆ రెండు రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ గోడకు తల బాదుకోవాలనిపిస్తుంది. బతిమాలాను, తిట్టాను. మరదలు చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది తప్ప పెన్ను ముట్టలేదు. నా మాట ఆమె ఎందుకు వింటుంది? ఆమె మొగుణ్ణి తింటున్న నెత్తురు నాది.

మూడో రోజు పొద్దున అత్త వచ్చింది. తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడట. నన్ను దాటుకుని పోయి మరదలి పక్కన కింద కూర్చుంది.

"బిడ్డా, నా చేతుల మీద ఎంతమంది పుట్టిండ్రో నాకే లెక్కలేదు. అందరి బొడ్డుతాళ్ళు నేనే గుంట తీసి పెట్టిన. కీడని భయపడి బండలు మోసి పెట్టిన. అన్నీ మన్నుల కలిసిపోయినయ్. గిట్ల ఒక మనిషిని నిలబెడతయని తెలిస్తే మన్నుల ఎందుకు పెడుదును? ఎవరో తల్లి ఆలోచన చేసి ఇచ్చింది. ఆమె బిడ్డకు కీడెందుకైతది? పెట్టు సంతకం."

మరదలి అన్న ఏదో అనబోయాడు. "నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నా చేతులే పట్టుకున్నది. నీది కూడా నేనే పూడ్చిన. కూసో" అంది అత్త. కూర్చున్నాడు. మరదలు సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నమే మొదటి డోసు ఎక్కించారు. ఇంత గొడవ పడ్డ ఆ కణాలు అరచేతిలో పట్టే చిన్న సంచిలో వచ్చాయి, పలచటి గంజిలా. అరగంటలో అయిపోయింది. గదిలో వెల్లుల్లి ఉడికినట్టు వాసన వచ్చింది, గడ్డకట్టించడానికి కలిపే మందుదట. అత్త తలుపు అద్దంలోంచి చూసి, ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆమెను ఆపాలని నాకు అనిపించింది. ఆపలేదు.

వారానికి రెండు డోసులు. మొదటి వారం ఏ మార్పూ లేదు. రెండో వారంలో రక్తం పడటం ఆగింది. నర్సు రోజూ కొలిచి రాసే విరేచనం తగ్గుతూ వచ్చింది. నాలుగో డోసు తర్వాత ఒక రోజు పొద్దున తమ్ముడు "అక్కా, పెరుగన్నం తినబుద్ధి అయితుంది" అన్నాడు. డాక్టరమ్మ పెరుగు వద్దంది, మెత్తటి అన్నం పెట్టమంది. నాలుగు ముద్దలు తిన్నాడు. మేము ముగ్గురం వాడి నోటినే చూస్తూ నిలబడ్డాం. కడుపులో ఉండిపోయింది.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మే కూర్చుని ఒక్కొక్క మాత్ర చూపించి, ఇది దేనికి, అది దేనికి అని తెలుగులో చెప్పింది. తేలిగ్గా తీసుకోవద్దు, మళ్ళీ రావచ్చు, కళ్ళు, నోరు ఎండిపోతే వెంటనే చెప్పాలి అంది. చివర్లో ఆకులు, కషాయాల మాట ఎత్తగానే మరదలు అందుకుంది.

"ఆ ముసలామెను ఇగ మా గడప తొక్కనియ్య మేడమ్."

తమ్ముడు తల వంచుకున్నాడు. డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంటోంది. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవడమేనని తెలిసింది.

"తీగ తెమ్మన్నది నేను" అన్నాను. "అత్త డాక్టరును అడిగినవా అన్నది. నేనే అవసరం లేదన్న."

మరదలు తిడుతుందనుకున్నాను. మందుల సంచి ముడి వేస్తూ అంది, "నాకెందుకు చెప్తున్నవ్ వదినా? ఆమెకు చెప్పు."

వరండాలోకి వచ్చి అత్తకు ఫోన్ చేశాను. నిజం అందరికీ చెప్పేశానని అన్నాను.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అంది. "నీ నెత్తురే తింటుందని వాళ్ళు అప్పటికే అనబట్టిరి. తీగ కూడా నీ మీదనే పడితే నువ్వు తట్టుకుంటవా? అందుకే నేను మాట్లాడలే. ఆ సంగతి ఇడిసిపెట్టు. వాడు బువ్వ తింటుండా?"

"తింటుండు" అన్నాను.

"అవ్, గది సెప్పు" అని ఫోన్ పెట్టేసింది.

తమ్ముడు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. అత్త మళ్ళీ ఆ ఇంటికి వచ్చిపోతోంది. గూడెం స్టేజీలో బస్సు ఎక్కి నా వెనక సీట్లో కూర్చుంటుంది, వాడి గురించే మాట్లాడుతుంది. వరండాలో నేనన్న మాటలు ఒక్కసారి కూడా ఎత్తలేదు. బస్సు నిండా జనం ముందు నన్ను చెడామడా తిడితే బాగుండునని రోజూ చూస్తాను. తిట్టదు.